గ్రీన్ కార్డ్ తీసుకుని రెండేళ్ళకి తిరిగిచ్చేశా: రిటైరయ్యాక అమెరికాలో ఉండడం వెనక అసలు లెక్కలు

మా తెనాలిలో పొద్దున వాకింగ్ బ్యాచ్‌లో ఏడుగురం ఉంటాం, ఏడుగురిలో ఐదుగురి పిల్లలు అమెరికాలోనే. అందుకని రోజూ తిరిగి తిరిగి అదే టాపిక్ వస్తుంది, "మావాడు గ్రీన్ కార్డ్ అప్లై చేస్తానంటున్నాడు, చేయించుకోమంటారా" అని. నన్నే ఎందుకు అడుగుతారంటే నేను తీసుకుని, రెండేళ్ళు చూసి, మళ్ళీ నా చేత్తో నేనే సంతకం పెట్టి తిరిగిచ్చేసిన మనిషిని కాబట్టి. కొంతమంది జాలిగా చూస్తారు, కొంతమంది కొడుకుతో గొడవ పడ్డానేమో అనుకుంటారు. అదేం లేదు, లెక్క వేసుకున్నా అంతే. ముప్ఫై నాలుగేళ్ళు బ్యాంకులో చేసినవాడికి లెక్క వెయ్యకపోతే నిద్ర పట్టదు. రోజూ నోటితో చెప్పలేక ఒకసారి రాసి పడేస్తే పోతుందని కూర్చున్నా.

ముందు అందరూ పప్పులో కాలేసేది ఎక్కడంటే, గ్రీన్ కార్డ్ ఉంటే ఎప్పుడు కావాలంటే అప్పుడు వెళ్ళొచ్చు, ఎప్పుడు కావాలంటే అప్పుడు రావచ్చు, వీసా గోల ఉండదు అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నా. నిజానికి ఆరు నెలలు అక్కడ, ఆరు నెలలు ఇక్కడ అనుకునేవాళ్ళకి గ్రీన్ కార్డ్ అంత ఇబ్బంది పెట్టేది ఇంకోటి లేదు. ఎందుకంటే ఆ కార్డ్ అర్థమే "నేను ఇక్కడ కాపురం ఉంటున్నాను" అని. వచ్చిపోయేవాళ్ళకి వాళ్ళు పెట్టిన దారి విజిటర్ వీసా. పేర్లోనే ఉంది, మనమే చదవం.

ఎలా వస్తుందో టూకీగా చెప్తా. కొడుకో కూతురో అమెరికా సిటిజన్ అయ్యుండాలి, 21 ఏళ్ళు దాటి ఉండాలి, అప్పుడు తల్లిదండ్రులకి వేసే అప్లికేషన్‌కి కోటా క్యూ లేదు. పిల్లలకి గ్రీన్ కార్డ్ మాత్రమే ఉంటే తల్లిదండ్రులకి వెయ్యడానికి కుదరదు, ఇది చాలామందికి తెలీదు. ఐ-130 అనే ఫారం వేస్తారు, తర్వాత మనం ఇండియాలో ఉంటే కాన్సులేట్ ద్వారా, అక్కడ ఉంటే ఐ-485 ద్వారా. 2024 ఏప్రిల్ నుంచి ఐ-485 ఒక్కదానికే మనిషికి 1,440 డాలర్ల ఫీజు. దాంతోపాటు పిల్లలు ఐ-864 అని ఒక హామీ పత్రం ఇవ్వాలి, నా భాషలో చెప్పాలంటే గ్యారంటర్ సంతకం. కుటుంబంలో తలల్ని బట్టి పేదరికపు గీతకి 125 శాతం ఆదాయం చూపించాలి, అది మన పిల్లలకి పెద్ద విషయం కాదు. కానీ ఆ సంతకం మనం సిటిజన్ అయ్యేదాకానో, 40 క్వార్టర్లు (ఏడాదికి నాలుగు చొప్పున పని చేసి టాక్స్ కట్టిన లెక్క) పూర్తయ్యేదాకానో, శాశ్వతంగా దేశం వదిలేసేదాకానో, పోయేదాకానో వాడి మెడ మీదే ఉంటుంది. మా వాడు చదవకుండా పెట్టాడు, నేను చదివి చెప్పా. గ్యారంటీ సంతకాలు చదవకుండా పెట్టినవాళ్ళని నా సర్వీసులో ఎంతమందిని చూశానో.

అక్కడ ఉండగా ఐ-485 వేసేవాళ్ళకి ఒక మాట. అది పెండింగులో ఉండగా అడ్వాన్స్ పెరోల్ అనే అనుమతి చేతికి రాకుండా దేశం దాటితే అప్లికేషన్ వదిలేసుకున్నట్టే. మా వియ్యపురాలికి సరిగ్గా ఇదే అయింది, అప్లికేషన్ వేసిన మూడో నెలలో నర్సరావుపేటలో వాళ్ళమ్మ పోయారు. పెరోల్ రాలేదు. అంత్యక్రియలు వీడియో కాల్లో చూసిందావిడ. తర్వాత కార్డ్ వచ్చింది, వచ్చినప్పుడు ఆవిడ దాన్ని కవర్లోంచి కూడా తియ్యలేదని అమ్మాయి చెప్పింది. విజిట్ మీద వెళ్ళి, దిగీ దిగగానే ఫైల్ చెయ్యడం ఇంకో తలనొప్పి, ముందే అనుకుని వచ్చారా అని అడుగుతారు, దానికి లాయర్‌తో మాట్లాడకుండా ముందుకెళ్ళొద్దు.

మేం 2022 మార్చిలో ఇమ్మిగ్రెంట్ వీసా మీద ఫ్రిస్కోలో దిగాం, డల్లాస్ పక్కన. అంతకుముందు 2017లో, 2019లో విజిటర్లుగా వెళ్ళొచ్చాం కాబట్టి ఊరు కొత్త కాదు. కొత్తది ఏంటంటే తిరుగు టికెట్ లేకపోవడం. మా ఆవిడ ఆ రోజు రాత్రి సూట్‌కేసులు అటక మీద పెట్టనివ్వలేదు, మంచం పక్కనే ఉండనీ అంది.

ఇప్పుడు అసలు కథ, ఆరోగ్యం. అక్కడ 65 దాటినవాళ్ళకి మెడికేర్ అని ప్రభుత్వ ఆరోగ్య బీమా ఉంటుంది. "నేను ఇరవై ఏళ్ళుగా మెడికేర్ టాక్స్ కడుతున్నా కదా, మా నాన్నకి 65 దాటాయి కదా, ఇంకేంటి" అని మావాడు అన్నాడు. చాలామంది పిల్లలు ఇదే అనుకుంటారు. పిల్లలు కట్టినదానికి తల్లిదండ్రులకి మెడికేర్ రాదు. సొంతంగా పని చేసి కట్టిన క్వార్టర్లు గానీ, భార్యాభర్తల్లో ఒకరివి ఇంకొకరికి గానీ లెక్కలోకి వస్తాయి, కొడుకువి రావు. క్వార్టర్లు లేనివాళ్ళకి దారి లేదా అంటే ఉంది: 65 దాటి, గ్రీన్ కార్డ్ మీద అమెరికాలో ఐదేళ్ళు వరసగా ఉంటే డబ్బులు కట్టి కొనుక్కోవచ్చు. 2026 రేట్ల ప్రకారం, 30 క్వార్టర్ల కన్నా తక్కువ ఉన్నవాళ్ళకి, అంటే మనలాంటి సున్నాగాళ్ళకి, పార్ట్ ఎ అనే ఆస్పత్రి భాగం నెలకి 565 డాలర్లు, పార్ట్ బి అనే డాక్టర్ల భాగం 202.90 డాలర్లు. ఇద్దరికీ కలిపితే నెలకి దాదాపు 1,536 డాలర్లు, మన డబ్బుల్లో లక్షా ముప్ఫై వేల పైమాటే. పార్ట్ ఎ వదిలేసి బి ఒక్కటే తీసుకోవచ్చు, కానీ ఆస్పత్రిలో చేరితే వచ్చే బిల్లుకి కదా మనం భయపడేది. పళ్ళు, కళ్ళజోడు, వినికిడి మిషను లాంటివి మామూలు మెడికేర్‌లో దాదాపు రావు, డెబ్బై ఏళ్ళ వయసులో అవే కదా రోజూ కావలసినవి. అర్హత వచ్చిన ఏడు నెలల కిటికీలో చేరకపోతే పార్ట్ బి కి ఏడాది ఆలస్యానికి 10 శాతం చొప్పున పెనాల్టీ, అది జీవితాంతం అంటుకునే ఉంటుంది.

సరే, మరి ఆ మొదటి ఐదేళ్ళు? నా లెక్క మొత్తం తలకిందులైంది ఇక్కడే.

మెడికెయిడ్ అని పేదవాళ్ళకి ఇచ్చేది ఉంది, కొత్త గ్రీన్ కార్డ్ వాళ్ళకి మామూలుగా ఐదేళ్ళ దాకా రాదు. ఎస్‌ఎస్‌ఐ అని వృద్ధులకిచ్చే సాయం 40 క్వార్టర్లు లేని గ్రీన్ కార్డ్ వాళ్ళకి ఇంచుమించు రానట్టే. మిగిలింది మార్కెట్‌ప్లేస్, అందరూ ఒబామాకేర్ అంటారు. అందులో గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్ళు మొదటి రోజు నుంచే ఇన్సూరెన్స్ కొనుక్కోవచ్చు, పాత జబ్బులున్నా ఇవ్వాల్సిందే, షుగరూ బీపీ ఉన్నాయని కాదనడానికి లేదు. కానీ సబ్సిడీ లేకుండా అరవై దాటినవాళ్ళకి దాని ప్రీమియం చూస్తే బీపీ అక్కడే పెరుగుతుంది. మేం వెళ్ళినప్పుడు ఒక వెసులుబాటు ఉండేది, వలస కారణంగా మెడికెయిడ్ రానివాళ్ళకి ఆదాయం పేదరికపు గీత కింద ఉన్నా కూడా సబ్సిడీ ఇచ్చేవారు. నాది బ్యాంకు పెన్షన్, ఆ సబ్సిడీతో బండి నడిచింది. 2025లో వచ్చిన చట్టంతో 2026 జనవరి నుంచి ఆ వెసులుబాటు తీసేశారు. 2026 ఇన్సూరెన్స్‌కి ఇద్దరున్న కుటుంబానికి లెక్కేసే గీత 21,150 డాలర్లు, అంటే మన డబ్బుల్లో పద్దెనిమిది పందొమ్మిది లక్షలు. అంత పెన్షనూ వడ్డీ వచ్చేవాళ్ళు మా వాకింగ్ బ్యాచ్‌లో ఒక్కరే, ఆయన యూనివర్సిటీ ప్రొఫెసర్. కాబట్టి ఇప్పుడు పరిస్థితి ఎంత విచిత్రంగా ఉందంటే, ఆదాయం ఎక్కువుంటే సబ్సిడీ వస్తుంది, తక్కువుంటే రాదు. పోనీ కొడుకు మనల్ని టాక్స్ రిటర్న్‌లో డిపెండెంట్లుగా చూపిస్తే గీత దాటొచ్చు కదా అంటే అప్పుడు వాడి జీతం మొత్తం లెక్కలోకి వచ్చి అటువైపు నుంచి సబ్సిడీ పోతుంది. పైగా కోవిడ్ టైంలో పెంచిన అదనపు సబ్సిడీలు కూడా 2025 చివరితో అయిపోయాయి. ఇప్పుడు కొత్తగా వెళ్ళేవాళ్ళు మా అనుభవం చూసి "మీకు జరిగింది కదా" అనుకోకండి, ఆ రోజులు వేరు.

విజిటర్లకి దొరికే ఇన్సూరెన్స్ గురించి కూడా ఒక మాట. అది పాత జబ్బులకి పనిచెయ్యదు. "ఎక్యూట్ ఆన్‌సెట్" అని ఒక పదం రాస్తారు, అంటే ఉన్న జబ్బు ఉన్నట్టుండి ముదిరి ప్రాణం మీదకొస్తే కొంత ఇస్తాం అని, దానికి వయసు పరిమితులు, సొమ్ము పరిమితులు వేరే. ఫిక్స్‌డ్ బెనిఫిట్ అనేది చవగ్గా ఉంటుంది, కానీ ఒక్కో పనికి ఇంతే ఇస్తాం అని ముందే గిరి గీసేస్తారు, అమెరికా బిల్లుకి అది ఏ మూలకీ రాదు. కొంటే కాంప్రహెన్సివ్ కొనండి. వెళ్ళేటప్పుడు రోజూ వేసుకునే మందులు ఉన్నన్నాళ్ళకీ సరిపడా, చీటీతో సహా పట్టుకెళ్ళండి, చీటీలో మందు బ్రాండ్ పేరు కాకుండా లోపలి మందు పేరు రాయించండి, ఎందుకంటే మన బ్రాండు పేర్లు అక్కడి డాక్టర్‌కి ఏమీ అర్థం కావు. ఇక్కడి హెల్త్ పాలసీ మాత్రం ఎట్టి పరిస్థితిలో ఆపొద్దు. ఒకసారి ఆపితే డెబ్బై ఏళ్ళకి కొత్తది దొరకడం కష్టం, దొరికినా పాత జబ్బులకి మూడేళ్ళ దాకా వెయిటింగ్ పెట్టొచ్చు. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత హెల్త్ పాలసీల మీద జీఎస్టీ కూడా ఎత్తేశారు, అదొక్కటి మంచి పని.

2023లో మా ఆవిడకి మోకాళ్ళు పూర్తిగా పోయాయి. అక్కడ చేయించుకోవచ్చు, ప్లాన్ ఉంది, మావాడు సెలవు పెడతానన్నాడు. ఈవిడ వినలేదు, "నొప్పి గురించి ఇంగ్లీషులో చెప్పడం నావల్ల కాదు" అంది. నవ్వుతారేమో గానీ అది చాలా పెద్ద మాట. సలుపుతోందా, పోటు పెడుతోందా, లాగుతోందా, తిమ్మిరెక్కుతోందా అన్నదానికి అక్కడ ఒకటి నుంచి పది దాకా నంబర్ చెప్పమంటారు. గుంటూరు వచ్చి చేయించుకున్నాం. ఆపరేషన్, తర్వాత ఫిజియో, రెండో మోకాలు, మొత్తం ఎనిమిది నెలలు అయింది.

తిరిగి వెళ్ళినప్పుడు ఎయిర్‌పోర్టులో ఆఫీసర్ నన్ను పక్కకి పిలిచి చాలా మర్యాదగా అడిగాడు, "మీరు ఎక్కడ ఉంటారు సర్" అని. ఏం చెప్పాలి? తెనాలిలో సొంత ఇల్లుంది, ఫ్రిస్కోలో కొడుకింట్లో గది ఉంది. రూల్ ఏంటంటే ఆరు నెలలు దాటి బయట ఉంటే సిటిజన్‌షిప్ కోసం లెక్కేసే ఐదేళ్ళకి బ్రేక్ పడే ప్రమాదం, ఏడాది దాటితే కార్డే చెల్లదు. ఎక్కువ రోజులు ఉండాల్సొస్తే రీఎంట్రీ పర్మిట్ అని ఒకటుంది, రెండేళ్ళ దాకా ఇస్తారు, కానీ దానికి అమెరికాలో ఉండగానే అప్లై చెయ్యాలి, ఇండియా వచ్చాక గుర్తొస్తే లాభం లేదు. పైగా ఆరు నెలల లోపు వచ్చేస్తుంటే ఏ సమస్యా లేదనుకోవడం కూడా పొరపాటే, ఏడాదికి రెండు వారాలు మొహం చూపించి వెళ్ళిపోతుంటే ఇక్కడ కాపురం లేదని తేల్చెయ్యొచ్చు.

మరి సిటిజన్ అయిపోతే? ఐదేళ్ళలో కనీసం 30 నెలలు అక్కడ నేల మీద ఉండాలి, ఇంగ్లీషు పరీక్ష ఉంటుంది. తెలుగులో రాయొచ్చంటారే అని అడుగుతారు, అది 50 ఏళ్ళు దాటి గ్రీన్ కార్డ్ మీద 20 ఏళ్ళు, లేదా 55 దాటి 15 ఏళ్ళు ఉన్నవాళ్ళకి. 66కి వెళ్ళిన నాకు 71కి పరీక్ష, ఇంగ్లీషులోనే. నాకు ఫర్వాలేదు, మా ఆవిడకి? 2025 అక్టోబర్ 20 నుంచి అప్లై చేసినవాళ్ళకి సివిక్స్ అనే అమెరికా చరిత్ర, ప్రభుత్వం పరీక్ష కూడా పెంచారు, 128 ప్రశ్నలు చదువుకోవాలి, 20 అడుగుతారు, 12 కరెక్టుగా చెప్పాలి. సిటిజన్ అయ్యాక ఇండియా పాస్‌పోర్ట్ సరెండర్ చేసి ఓసీఐ అనే కార్డ్ (విదేశీ పౌరసత్వం తీసుకున్న మనవాళ్ళకి ఇండియా ఇచ్చేది) తీసుకోవాలి, ఇక్కడ ఓటుండదు, పొలం కొనడానికి లేదు. ఓటు పోతుందంటే మా బ్యాచ్‌లో ఒకాయన అక్కడికక్కడే నిర్ణయం మార్చేసుకున్నాడు, ఆయన పార్టీ పేరు చెప్పను.

డబ్బుల సంగతి నా సబ్జెక్ట్ కాబట్టి కాస్త ఎక్కువ రాస్తా, ఓపిక పట్టండి. గ్రీన్ కార్డ్ చేతికొచ్చిన నాటి నుంచి మీరు అమెరికాకి టాక్స్ రెసిడెంట్. మీ పెన్షను, ఎఫ్‌డీల వడ్డీ, షాపు అద్దె, పీపీఎఫ్ వడ్డీతో సహా అన్నీ అక్కడి రిటర్న్‌లో చూపించాలి. ఇక్కడ పీపీఎఫ్‌కి టాక్స్ లేదు కదా అంటే, అక్కడ వాళ్ళకి ఆ సంగతి పట్టదు. ఇండియాలో కట్టిన టాక్స్‌కి అక్కడ క్రెడిట్ ఇస్తారు, కాబట్టి రెండుసార్లు కట్టడం తక్కువే, కానీ కాగితాలు మాత్రం రెండింతలు. ఇండియా అకౌంట్లన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్కరోజైనా 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్ అని విడిగా ఫైల్ చెయ్యాలి. పది వేల డాలర్లంటే తొమ్మిది లక్షలు, రిటైరైన ఎవరికి ఉండవు చెప్పండి. మర్చిపోతే పెనాల్టీ వేల డాలర్లలో. ఇక మ్యూచువల్ ఫండ్లు ఉంటే ఇంకా గోల, వాటిని పీఫిక్ అంటారు, ఫండ్‌కొక ఫారం, టాక్స్ కూడా మొట్టినట్టు వేస్తారు. నేను వెళ్ళే ముందే అన్నీ అమ్మేశా. ఈ ఒక్క విషయంలో నన్ను నేనే మెచ్చుకుంటా.

స్థలం విషయంలో మాత్రం దెబ్బ తిన్నా. 1988లో 22 వేలకి కొన్న స్థలం ఒకటుంది, వెళ్ళే ముందు బేరం వచ్చింది, ఇంకా పెరుగుతుందిలే అని ఆగా. ఇండియాలో 2001కి ముందు కొన్నదానికి 2001 ఏప్రిల్ 1 నాటి విలువనే కొన్న ధరగా తీసుకోవచ్చు, అమెరికాకి ఆ లెక్క లేదు, మొదట పెట్టిన 22 వేలే. అప్పటి డాలర్ రేటుతో ఒకటి, ఇప్పటి రేటుతో ఒకటి లెక్క కట్టి తేడా అంతా లాభమే అంటారు. సొంతంగా ఉంటున్న ఇల్లయితే మనిషికి రెండున్నర లక్షల డాలర్ల లాభం దాకా మినహాయింపు ఉంది, అమ్మే ముందు ఐదేళ్ళలో రెండేళ్ళు అందులో ఉండుంటే చాలు, ఇల్లు ఇండియాలో ఉన్నా సరే. ఖాళీ స్థలానికి అది లేదు. ఇక్కడ మన వైపు కూడా ఎన్‌ఆర్‌ఐ అయితే వేరే లెక్క: 2024 జులై 23 నుంచి లాంగ్ టర్మ్ లాభం మీద ఇండెక్సేషన్ (ధరల పెరుగుదలని బట్టి కొన్న ధర పెంచి చూపించడం) లేకుండా 12.5 శాతం, అంతకుముందు కొన్న స్థలాలకి పాత పద్ధతిలో 20 శాతం ఎంచుకునే అవకాశం రెసిడెంట్లకే ఇచ్చారు. టీడీఎస్ కూడా అంతే, రెసిడెంట్ 50 లక్షలో ఆ పైనో అమ్మితేనే కొనేవాడు 1 శాతం పట్టుకుంటాడు, ఎన్‌ఆర్‌ఐ అమ్మితే 12.5 శాతం, పైన సర్‌చార్జ్, సెస్. అది విని నా బేరగాడు ఒకడు మళ్ళీ ఫోనెత్తలేదు. కాబట్టి అమ్మాల్సినవి ఏవైనా ఉంటే విమానం ఎక్కకముందే అమ్మండి.

శాశ్వతంగా వెళ్తున్నారంటే ఇక్కడి సేవింగ్స్ అకౌంట్ ఎన్‌ఆర్‌ఓగా, అంటే ఎన్‌ఆర్‌ఐల రూపాయి ఖాతాగా మార్చాలి, మార్చకుండా ఉంచుకోవడం ఫెమా అనే విదేశీ మారకపు చట్టానికి విరుద్ధం, అందరూ అలాగే ఉంచుకుంటారు అది వేరే విషయం. ఎన్‌ఆర్‌ఓ వడ్డీ మీద 30 శాతం టీడీఎస్, సెస్‌తో 31.2. సీనియర్ సిటిజన్‌కి వడ్డీ మీద ఇచ్చే 50 వేల మినహాయింపు ఎన్‌ఆర్‌ఐకి లేదు, సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీమ్‌లో కొత్తగా చేరడానికీ లేదు. నేను ఒకప్పుడు నా చేత్తోనే ఎంతోమంది అకౌంట్లు ఇలా మార్చా, నాది మార్చుకుంటుంటే కౌంటర్ అవతల కూర్చున్న కుర్రాడు ఫారం ఎలా నింపాలో నాకు చెప్తున్నాడు.

రోజువారీ బతుకు సంగతి. ఓటీపీ. నవ్వకండి, అక్కడ మన ముసలాళ్ళ మొదటి శత్రువు ఓటీపీయే. ఇండియా సిమ్ రోమింగ్‌లో బతికుండాలి, రీచార్జ్ అయిపోతే నంబర్ పోతుంది, నంబర్ పోతే బ్యాంకూ పోయింది, ఆధారూ పోయింది. ఇంట్లో వైఫైకి కాల్స్ వచ్చేలా పెట్టుకున్నా కొన్నిసార్లు ఓటీపీ పది నిమిషాల తర్వాత తాపీగా వస్తుంది. నవంబర్లో లైఫ్ సర్టిఫికెట్ ఇప్పుడు ఫోన్లోనే ముఖం చూపించి ఇచ్చెయ్యొచ్చు, రాత్రి తొమ్మిదింటికి బాత్‌రూం లైటు కింద నిలబడి కళ్ళు ఆర్పుతూ నేను బతికే ఉన్నానని నిరూపించుకున్నా, అక్కడ వెలుతురు బాగుంటుంది మరి.

ఫ్రిస్కోలో ఇల్లు పెద్దది, వీధి అద్దంలా ఉంటుంది, మనిషి కనబడడు. టెక్సాస్ ఎండలో జులైలో తొమ్మిది దాటితే నడవలేం. పాలపాకెట్ కావాలన్నా కారు, కారు నడపాలంటే కొడుకు. ఇన్నేళ్ళు స్కూటర్ మీద ఊరంతా తిరిగినవాణ్ణి, "ఒరే కాస్త ఖాళీ ఉంటే" అని అడగడానికి నోరొచ్చేది కాదు, వాడు పాపం ఎప్పుడూ కాదనలేదు, అయినా. గ్రీన్ కార్డ్ ఉంది కదా అని 66 ఏళ్ళకి లైసెన్స్ తీసుకున్నా, కుడి పక్కన నడపడం మూడు నెలలకి వచ్చింది, హైవే మాత్రం ఎక్కలేకపోయా. ఆ లైసెన్స్‌తో లైబ్రరీ దాకా, కార్యసిద్ధి హనుమాన్ గుడి దాకా వెళ్ళేవాళ్ళం. అక్కడ శనివారం మనలాంటివాళ్ళు గుంపులుగా కనిపిస్తారు, ఒకరి ఊరు ఒకరు అడుగుతారు, ఐదు నిమిషాల్లో చుట్టరికం తేలుతుంది. మిగతా వారం అంతా ఆ శనివారం కోసమే.

ఇంకోటి ఎవరూ చెప్పనిది, జేబులో డబ్బులు. ఇక్కడ నెలనెలా పెన్షన్ పడుతుంటుంది, అక్కడ మనవరాలికి ఐస్‌క్రీం కొనాలన్నా కొడుకు కార్డే. వాడు కార్డ్ ఇచ్చాడు, కానీ గీసిన ప్రతిసారీ వాడి ఫోన్లో టింగుమంటుంది. నేను రెండో నెలలోనే ఎస్‌ఎస్‌ఎన్ అనే అక్కడి గుర్తింపు నంబర్ రాగానే సొంత అకౌంట్ తెరిచి ఇక్కడి నుంచి కొంత పంపించుకున్నా. ఎన్‌ఆర్‌ఓ నుంచి ఏడాదికి పది లక్షల డాలర్ల దాకా పంపుకోవచ్చు, టాక్స్ కట్టినట్టు సీఏ సర్టిఫికెట్‌తో, మనకి అందులో వెయ్యో వంతు చాలు. గ్రోసరీ బిల్లు నెలకి ఒకటి నేను కట్టేవాణ్ణి. ఇంట్లో నా గొంతు కాస్త మామూలుగా అయింది దాంతో.

మా ఆవిడ మాత్రం వంటిల్లు ఆవిడది కాకపోవడం దగ్గరే ఆగిపోయింది. కోడలు మంచిది, ఒక్కమాట అనలేదు, కానీ పోపు పెడితే స్మోక్ అలారం మోగుతుంది, మీటింగులో ఉన్నవాళ్ళు ఉలిక్కిపడతారు, ఈవిడ కిటికీలు తీసి టవల్ విసురుతూ నిలబడుతుంది. తర్వాత్తర్వాత పోపు తగ్గించేసింది. సాయంత్రం ఐదున్నరకి ఇక్కడ తెల్లవారుజాము నాలుగు, ఫోన్ చేద్దామంటే చెల్లెలు నిద్రపోతుంటుంది, చలికాలం గడియారాలు మారిస్తే ఇంకో గంట తేడా.

2024లో ఐ-407 అనే ఫారం నింపి కార్డ్ ఇచ్చేశాం. రెండు పేజీలు, ఫీజు లేదు. పదిహేనేళ్ళలో ఎనిమిదేళ్ళు కార్డ్ ఉండి అప్పుడు వదిలితే ఎగ్జిట్ టాక్స్ లెక్కలు రావచ్చు, ఆస్తి 20 లక్షల డాలర్లు దాటినవాళ్ళకి ముఖ్యంగా, కోకాపేటలో స్థలాలున్నవాళ్ళు చూసుకోండి, మాకా బెడద లేదు. తర్వాత హైదరాబాద్ నానక్‌రాంగూడ కాన్సులేట్‌లో విజిటర్ వీసాకి మళ్ళీ అప్లై చేశాం. కార్డ్ ఎందుకు ఇచ్చేశారని అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పా, ఆ ఫారం కాపీ చూపించా, వీసా ఇచ్చారు.

విజిటర్లకీ ఒక చిక్కుంది, ఇది సీఏలు కూడా కొంతమంది మర్చిపోతారు. దిగినప్పుడు మామూలుగా ఆరు నెలలు ఇస్తారు, ఐ-94 అనే రాక రికార్డులో తేదీ ఉంటుంది, వీసా మీద పదేళ్ళని ఉన్నా ఈ తేదీయే లెక్క. అలా అని ఏటా ఆరు నెలలు ఉంటే, ఈ ఏడాది రోజులు పూర్తిగా, పోయినేడాదివి మూడో వంతు, అంతకుముందువి ఆరో వంతు కలిపి 183 వస్తే అమెరికా టాక్స్ రెసిడెంట్ అయిపోతారు, విజిటర్ అయినా సరే. 180, 60, 30 కలిపితే 270. ఆ ఏడాది 183 రోజుల లోపే ఉండి, నా ఇల్లూ వాకిలీ ఇండియాలోనే అని 8840 ఫారం వేసి తప్పించుకోవచ్చు, కానీ వేస్తేనే. ఏటా 121 రోజులు దాటకపోతే ఆ ఫారం అవసరం కూడా రాదు. ఇండియాలో ఏడాదికి 182 రోజులు ఎలాగూ ఉంటాం కాబట్టి ఇక్కడ రెసిడెంటే, ఎఫ్‌డీలు, పాలసీలు, పెన్షన్ అన్నీ పాత పద్ధతిలోనే.

నాకు తెలిసి గ్రీన్ కార్డ్ పనికొచ్చేది ఎవరికంటే, ఇక్కడ చూసుకునేవాళ్ళు ఎవరూ లేనివాళ్ళకి, పిల్లలందరూ అక్కడే ఉండి, ఐదేళ్ళ ఇన్సూరెన్స్ ఖర్చు పిల్లలు నిజంగా మొయ్యగలిగినవాళ్ళకి, వెళ్తే అరవై లోపే వెళ్ళి ఏదో ఒక పని చేసి క్వార్టర్లు తెచ్చుకునే ఓపిక ఉన్నవాళ్ళకి. ఒంటరిగా మిగిలిపోయిన మనిషి విషయం వేరు, రేపు మా ఇద్దరిలో ఒకరే ఉంటే నా లెక్క కూడా మారొచ్చు, ఆ సంగతి మావాడికి చెప్పే ఉంచా. వాడు దానికి ఏమీ అనలేదు, టాపిక్ మార్చాడు.

ఈ ఏడాది మే 20కి టికెట్లు బుక్ చేశాం, సెప్టెంబర్ 14న తిరుగు ప్రయాణం, వేళ్ళ మీద లెక్కపెడితే 118 రోజులు, దిగిన రోజూ ఎక్కిన రోజూ రెండూ లెక్కే. డైరీలో మొదటి పేజీలో రాసిపెట్టా. ఆవకాయ ఈసారి ఏప్రిల్ చివర్లోనే పెట్టాలంటోంది, మనవరాలికి కారం తగ్గించి విడిగా ఒక చిన్న జాడీ.